చేతిపని, పద్ధతి ప్రకారం చేసే ఉద్యోగాలు: అనంతపురం, కర్నూలు, కడప తల్లిదండ్రులూ పిల్లలూ తరచుగా అడిగే ప్రశ్నలు

పదకొండేళ్లు ఫ్యాక్టరీల్లో ఫిట్టర్‌గా పనిచేసి, ఆ తర్వాత ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ నేర్పి రిటైరయ్యాను. ఇప్పటికీ అనంతపురంలో మా ఇంటికి తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తూనే ఉన్నారు. వాళ్లు అడిగేవి ఏడాదికేడాదీ దాదాపు అవే ప్రశ్నలు. అందుకే జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. జిల్లాలను పాత లెక్కలోనే చెబుతున్నాను. పని వెతుక్కుంటూ తాడిపత్రి నుంచి కొలిమిగుండ్లకు పోయేవాళ్లకు కొత్త జిల్లాల గీతలతో పనిలేదు.

మావోడు చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, సొంతంగా ఒక్క ఐడియా కూడా రాదు. వీడికి బతుకుదెరువు ఎట్లా సార్?

ఈ మాట అడిగేటప్పుడు తండ్రి గొంతు తగ్గిస్తాడు, పక్కన పిల్లవాడు తల దించుకుంటాడు. చూసిన ప్రతిసారీ నాకు మనసు కష్టమవుతుంది. చెప్పింది చెప్పినట్టు, ప్రతిసారీ, ఎవరూ చూడకపోయినా చేయగలగడం చాలామందికి చేతకాదు. మీ అబ్బాయికి అది పుట్టుకతోనే వచ్చిందంటే సంతోషించండి.

లైన్‌మన్ పని తీసుకోండి. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకోవాలి, అంటే లైన్ క్లియర్, లైన్‌లో కరెంటు ఆపామన్న అనుమతి. స్తంభం మీద లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ దించి, దాని మూడు బ్లేడ్లూ విడిపోయాయో లేదో కంటితో చూసుకోవాలి. లైన్‌లో కరెంటు లేదని పరీక్షించాలి. పని చేసే చోటికి రెండువైపులా ఎర్త్ రాడ్ తగిలించాలి. ఆ తర్వాతే చెయ్యి వేయాలి. ఇందులో ఏ మెట్టూ కొత్తగా ఆలోచించి చేసేది కాదు. ప్రతి మెట్టు వెనకా ఎక్కడో ఒక లైన్‌మన్ ప్రాణం పోయింది, అందుకే అది నియమంగా వచ్చింది. ఆ నియమాన్ని వెయ్యోసారి కూడా మొదటిసారి చేసినంత శ్రద్ధగా చేసే మనిషి మనకు కావాలి.

నేను ఆ రకం మనిషినో కాదో ఎట్లా తెలుసుకోవాలి?

జాన్ హాలండ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1959లో ఒక సిద్ధాంతం చెప్పాడు. మనుషుల అభిరుచులనూ పనులనూ ఆరు రకాలుగా విడదీశాడు: చేతిపని, పరిశోధన, కళ, సేవ, నాయకత్వం, క్రమపద్ధతి. ఇప్పటికీ కెరీర్ పరీక్షల్లో చాలా వరకు ఈ విభజనే వాడుతున్నారు. ఇక్కడ మనం మాట్లాడుకునేవాళ్లు మొదటిదీ చివరిదీ కలిసినవాళ్లు. వీళ్లకు వస్తువుతో పని ఉండాలి, ఆ పనికి ఒక లెక్క ఉండాలి.

పరీక్ష రాయకుండానే కొంత పసిగట్టొచ్చు. ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ విప్పినప్పుడు స్క్రూలు వరసగా పెట్టుకుంటావా? ఎవరైనా "నీకు తోచినట్టు చెయ్యి" అంటే టెన్షన్ వస్తుందా? "ఇట్లా చెయ్యి, ఇంత కొలతకు రావాలి" అంటే ప్రాణం కుదుటపడుతుందా? చేసిన పనిని మళ్లీ ఒకసారి కొలిచి చూసుకోకుండా నిద్ర పట్టదా? వీటికి అవునంటే నీ దారి ఇటువైపే.

నా దగ్గర ఒక కొలబద్ద ఉండేది. ఫిట్టర్ ట్రేడ్‌లో మొదటి వారాలంతా ఫైలింగే. ఇనుప ముక్కను వైస్‌లో బిగించి, ఆకురాయితో రుద్దుతూ, ట్రై స్క్వేర్ (మూలమట్టం) పెట్టి వెలుతురుకు అడ్డంగా చూడాలి. సందులోంచి వెలుగు కనిపిస్తే మళ్లీ రుద్దాలి. చేతులు బొబ్బలెక్కుతాయి. సగంమంది పిల్లలు విసుక్కుంటారు. కొందరు మాత్రం టీ బ్రేక్‌కు కూడా పోకుండా ఆ వెలుగు పోయేదాకా రుద్దుతారు. మార్కులు ఎన్ని వచ్చినా వాళ్లే నిలబడతారని నాకు అప్పుడే తెలిసిపోయేది.

ఐటీఐలో ఏ ట్రేడ్ తీసుకోవాలి?

అందరూ ఎలక్ట్రీషియన్ అడుగుతారు. మంచి ట్రేడే. కానీ మీ చెయ్యి దేనికి ఒప్పుతుందో చూసుకుని ఎంచుకోండి.

ఫిట్టర్ రెండేళ్లు. విప్పడం, సరిచూడడం, బిగించడం ఇందులో ఉంటాయి. బేరింగ్, కప్లింగ్, గేర్‌బాక్స్ లేని ఫ్యాక్టరీ ఉండదు కాబట్టి ఫిట్టర్‌కు ఎక్కడైనా పని దొరుకుతుంది. లేత్ లాంటి మెషిన్ల మీద లోహాన్ని కొలతకు చెక్కే టర్నర్, మెషినిస్ట్ కూడా రెండేళ్లే. కొలతంటే ఇష్టం ఉన్నవాళ్లకు ఇవి సరిపోతాయి. మామూలు వెర్నియర్‌తో 0.02 మిల్లీమీటర్ దాకా, మైక్రోమీటర్‌తో 0.01 మిల్లీమీటర్ దాకా చదవడం నేర్చుకుంటారు. ఒకసారి ఆ కొలత కంటికి అలవాటైందంటే కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్ దగ్గరా ఇబ్బంది ఉండదు. ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. ఏసీ, ఫ్రిజ్ మెకానిక్‌కూ రెండేళ్లే, మన ఎండలకు ఈ పనివాడు ఖాళీగా ఉండడు. వెల్డర్, డీజిల్ మెకానిక్, ప్లంబర్ ఒక్కో ఏడాది.

సీట్లు పదో తరగతి మార్కుల మెరిట్ మీద ఇస్తారు. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు చాలా తక్కువ. చేరే ముందు ఒక్కసారి వర్క్‌షాప్ లోపలికి వెళ్లి చూడండి. లేత్‌ల మీద దుమ్ము పట్టి ఉంటే, ఇనుప రజను కింద ఎక్కడా కనిపించకపోతే, అక్కడ పని నేర్పడం లేదని అర్థం. బయట బోర్డు ఎంత బాగున్నా వెనక్కి వచ్చేయండి.

వెల్డింగ్ ఎవరైనా చేసేదే కదా, దానికి చదువెందుకు?

గేటుకు, గ్రిల్‌కు వేసే వెల్డింగ్ చూసి అందరూ ఇట్లాగే అనుకుంటారు. కడప జిల్లాలో ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంట్ ఉంది. ఐదు యూనిట్లు 210 మెగావాట్లవి, ఒకటి 600 మెగావాట్లది, మొత్తం 1650 మెగావాట్లు. అట్లాంటి చోట బాయిలర్ ట్యూబుకు వెల్డింగ్ వేయాలంటే ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్, 1950 కింద పరీక్ష పాసైన వెల్డరే వేయాలి. ఫీల్డ్‌లో ఆయన్ని ఐబీఆర్ వెల్డర్ అంటారు. ఆయన వేసిన జాయింట్‌ను ఎక్స్‌రే తీసి చూస్తారు. లోపల హద్దు మించిన గాలిబుడగలు కనిపిస్తే కోసేసి మళ్లీ వేయిస్తారు.

ఆ జాయింట్‌కు డబ్ల్యూపీఎస్ అనే కాగితం ఉంటుంది. ఏ రాడ్డు, ఎన్ని ఆంపియర్లు, ముందు ఎంత వేడి చేయాలి, ఎన్ని పొరలు వేయాలి, అంతా అందులో రాసి ఉంటుంది. 7018 అనే రకం వెల్డింగ్ రాడ్డుకు తేమ తగిలితే లోహంలోకి హైడ్రోజన్ చేరి తర్వాత పగులు వస్తుంది. కాబట్టి ఓవెన్‌లో 300 డిగ్రీలకు పైన కాల్చి, వేడి ఆరకుండా చిన్న డబ్బాలో పెట్టుకుని, ఒక్కొక్కటే బయటికి తీయాలి. ఎవరూ చూడడం లేదని బయట పడి ఉన్న రాడ్డు వాడితే ఆ రోజు ఏమీ తెలియదు. ఆరు నెలలకు ట్యూబు పగిలినప్పుడు తెలుస్తుంది. కాగితాన్ని గౌరవించే వెల్డర్‌ను ప్లాంట్ ఆపి రిపేర్లు చేసే ప్రతి షట్‌డౌన్‌కూ కాంట్రాక్టర్లు ఫోన్ చేసి పిలుచుకుంటారు. ఎనిమిదో తరగతి పాసైనా ఈ ట్రేడ్‌లో చేరొచ్చు.

సిమెంట్ ఫ్యాక్టరీల్లో ఎట్లాంటి పని ఉంటుంది?

తాడిపత్రి, ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల చుట్టూ సున్నపురాయి ఉంది, అందుకే ఫ్యాక్టరీలన్నీ అక్కడే వచ్చాయి. కిల్న్ అనే తిరిగే పెద్ద కొలిమి లోపల సుమారు 1450 డిగ్రీల వేడిలో క్లింకర్, అంటే పొడి చేసి సిమెంట్ చేసే గడ్డ, తయారవుతుంది. ఆ కిల్న్ రాత్రీ పగలూ తిరుగుతూనే ఉండాలి. అనుకోకుండా ఆగిందంటే లోపలి ఇటుక దెబ్బతింటుంది. అందుకే అక్కడ మెయింటెనెన్స్ పనంతా ముందే రాసిపెట్టిన షెడ్యూల్ మీద నడుస్తుంది. ఏ బేరింగ్‌కు ఏ రోజు గ్రీజు పెట్టాలి, ఎంత పెట్టాలి, ఏ బోల్టు ఎంత టార్క్‌కు బిగించాలి, అన్నీ రాసి ఉంటాయి. గ్రీజు ఎక్కువైనా బేరింగ్ వేడెక్కుతుంది. ఇది చాలామంది నమ్మరు.

ఒక సంగతి చెప్పాలి. నా కుర్రతనంలో ఒక ఫ్యాక్టరీలో మా గ్యాంగ్‌లో అందరికంటే చురుకైనవాడు ఒకడుండేవాడు. ఏ పనికైనా అడ్డదారి కనిపెట్టేవాడు, మేమంతా మెచ్చుకునేవాళ్లం. కన్వేయర్ బెల్ట్ మీద పని చేసే ముందు స్విచ్‌కు ఎవరి తాళం వాళ్లు వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. ఒక నైట్ షిఫ్ట్‌లో "ఐదు నిమిషాల పనే కదా" అని తాళం వేయకుండా రోలర్ దగ్గర చెయ్యి పెట్టాడు. ప్యానెల్ దగ్గర ఉన్న మనిషికి సంగతి తెలియదు, బెల్ట్ స్టార్ట్ చేశాడు. రెండు వేళ్లు పోయాయి. ఆ రోజు అతని పక్కనే ఉండి కూడా నేను అడ్డం చెప్పలేదు. తర్వాత పాఠం చెప్పిన ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజే ఈ సంగతి చెప్పాను.

బండల పాలిష్, గ్రానైట్ పనికి పంపొచ్చా?

బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల బండ మన సీమ పేరును ఇంటింటికీ తీసుకెళ్లింది. కడప బండ అంటే దేశమంతా తెలుసు. కటింగ్, పాలిషింగ్ పూర్తిగా క్రమం మీద నడిచే పని. ముతక పాలిష్ రాయితో మొదలుపెట్టి, సన్నరాయి వైపు నంబరు పెంచుకుంటూ, మధ్యలో ఒక్క నంబరు కూడా దాటేయకుండా పోతేనే మెరుపు వస్తుంది.

కానీ దుమ్ము గురించి దాచకుండా చెబుతాను. గ్రానైట్‌లో సిలికా ఎక్కువ. పొడిగా కోసినప్పుడు లేచే సన్న దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, దాన్ని నయం చేసే మందు లేదు. బ్లేడు మీద నీళ్లు పడుతూనే ఉండాలి, మంచి మాస్క్ ఉండాలి. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే చాలదు. నీళ్లు లేకుండా పొడిగా కోయించే యూనిట్‌కు మీ పిల్లవాడిని ఎంత కూలి ఇచ్చినా పంపకండి.

రైల్వేలో మన పిల్లలకు ఏముంది?

గుంతకల్లు డివిజన్ కేంద్రం. గుత్తిలో లోకో షెడ్ ఉంది. రైల్వే కుటుంబం లేని వీధి ఆ రెండు ఊళ్లలో కనిపించదు. టెక్నీషియన్ పోస్టులకు, అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులకు పదో తరగతితోపాటు ఐటీఐ ఉంటే అర్హత వస్తుంది. అసిస్టెంట్ లోకో పైలట్‌కు కంటిచూపు పరీక్ష చాలా కఠినం. కాబట్టి కోచింగ్‌కు డబ్బు కట్టే ముందు కళ్లు, రంగులు గుర్తుపట్టే శక్తి చూపించుకోండి. కోచింగ్ అయ్యాక అక్కడ ఫెయిలై ఏడ్చినవాళ్లను చూశాను.

నాకు అన్నిటికంటే గౌరవం కీమన్ అంటే. తన బీట్‌లో పట్టాల వెంట రోజూ నడిచి, ఊడిన క్లిప్పులు బిగించి, పగుళ్లు వెతుకుతాడు. మన బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. ఆ అంకె చెదరకుండా చూసుకునేవాళ్లు ఎండలో నడుస్తుంటేనే మనం ఏసీ బోగీలో నిద్రపోతున్నాం.

ఆడపిల్లకు ఏ పని మంచిది?

ఐటీఐలో అన్ని ట్రేడ్‌లూ ఆడపిల్లలకూ ఉన్నాయి. నా దగ్గర చదివిన అమ్మాయిల్లో మైక్రోమీటర్ చదవడంలో మగపిల్లల్ని దాటినవాళ్లు ఎంతోమంది. అయినా తల్లులు ఎక్కువగా ఆసుపత్రి పనులే అడుగుతారు కాబట్టి వాటి గురించే చెబుతాను.

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఇంటర్ తర్వాత రెండేళ్లు. పద్ధతి అంటే ప్రాణం పెట్టే పిల్లకు ఇంతకంటే మంచి పని నాకు కనిపించలేదు. రక్తం తీసేటప్పుడు ట్యూబులకు ఒక వరస ఉంటుంది. బ్లడ్ కల్చర్ సీసా ముందు, తర్వాత నీలం మూత, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, లావెండర్, చివర బూడిద రంగు. ఎందుకంటే లావెండర్ ట్యూబులోని మందు కొంచెం ఎరుపు ట్యూబులోకి చేరినా పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువగా, కాల్షియం తక్కువగా చూపిస్తుంది. డాక్టరు ఆ కాగితం చూసి వైద్యం చేస్తారు. నీలం మూత ట్యూబులో తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు మందు ఉండాలి, గీత దాకా నిండకపోతే రక్తం గడ్డకట్టే పరీక్ష తప్పుగా వస్తుంది. ట్యూబును కుదపకూడదు, మెల్లగా తిరగేయాలి.

ఇవన్నీ తెలిసిన అమ్మాయిని కర్నూలు పెద్దాసుపత్రిలోనైనా, చిన్న ప్రైవేటు ల్యాబ్‌లోనైనా వదులుకోరు. డయాలసిస్ టెక్నీషియన్, ఆపరేషన్ థియేటర్ అసిస్టెంట్ పనులు కూడా ఇట్లాంటివే. నర్సింగ్‌లో జీఎన్ఎం అనే డిప్లొమా మూడేళ్లు. కాకపోతే నర్సింగ్‌లో మనుషులతో మాట్లాడడం ఎక్కువ. మాట తక్కువ ఉన్న పిల్లకు ల్యాబ్ హాయిగా ఉంటుంది.

కరెంటు ఆఫీసులో ఉద్యోగం వస్తుందా?

మూడు జిల్లాలూ ఎస్పీడీసీఎల్ అనే కరెంటు పంపిణీ సంస్థ కిందే ఉన్నాయి. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లను, అంటే జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2 వాళ్లను తీసుకున్నప్పుడు స్తంభం ఎక్కడం, సైకిల్ తొక్కడం, మీటర్ రీడింగ్ చూడడం పరీక్ష పెట్టారు. నోటిఫికేషన్ ఎప్పుడు పడితే అప్పుడు రాదు. అందాకా ఖాళీగా కూర్చోవద్దు. ఓర్వకల్లు దగ్గరి సోలార్ పార్క్ ఒక్కటే 1000 మెగావాట్లు. ఎన్.పి.కుంటలోనూ, తాడిపత్రి దగ్గర తలారిచెరువులోనూ పార్కులు ఉన్నాయి. ప్యానెళ్లు కడగడం, వరసగా కలిపిన ప్యానెళ్ల ఓల్టేజీ (స్ట్రింగ్ ఓల్టేజీ) చూడడం, కనెక్టర్లు కాలాయేమో చూడడం, మెగ్గర్ అనే మీటర్‌తో వైర్ల ఇన్సులేషన్ పరీక్షించడం, అన్నీ చెక్‌లిస్ట్ పనులే.

చదువు మధ్యలో ఆగిపోయింది. ఊరు వదలడం కుదరదు. ఏం చేయల్ల సార్?

మడకశిర, హిందూపురం వైపు అయితే పట్టుపురుగుల పెంపకం చూడు నాయనా. చాకీ దశలో, అంటే పురుగులు చిన్నవిగా ఉన్నప్పుడు, గది వేడి 27, 28 డిగ్రీలు, తేమ 85 నుంచి 90 శాతం ఉండాలి. పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీలు, తేమ 70 శాతం చాలు. పురుగు నాలుగుసార్లు జ్వరానికి కూర్చుంటుంది, అంటే మేత మాని పొర విడుస్తుంది, అప్పుడు మేత ఆపేయాలి, సున్నం చల్లాలి. పంట పంటకూ షెడ్డు బ్లీచింగ్‌తో కడగాలి. "పోయినసారి కడిగాం కదా, ఈసారి వద్దులే" అన్న రైతు షెడ్డులోనే రోగం వస్తుంది. పుస్తకంలో ఉన్నట్టు చేసేవాడికి ఇది అచ్చొచ్చే పని.

తోటల వైపు ఉంటే డ్రిప్ పని నేర్చుకో. అనంతపురం జిల్లాలో బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, డ్రిప్పర్లు పూడిపోతాయి. ఫిల్టర్‌కు ముందూ వెనకా ప్రెషర్ తేడా చూసి నీళ్లు వెనక్కి పంపి కడగడం (బ్యాక్‌వాష్), పైపుల చివరలు విప్పి కడగడం, యాసిడ్ ఎంత కలపాలో లెక్క కట్టడం వచ్చిన కుర్రాడి కోసం పది ఊళ్ల రైతులు ఎదురుచూస్తారు. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు. ఇది మాత్రం ఎప్పుడూ మరవద్దు.

ధర్మవరం మగ్గం పని కళ కదా, అది మాకెట్లా వస్తుంది?

చీర మీద ఏ బుటా రావాలో గీసేవాడు ఒకరు, నేసేవాడు ఇంకొకరు. మగ్గం పైన బిగించే జాకార్డు అనే యంత్రం మీద అట్టలు ఎక్కించాక ఏ పోగు లేవాలో అట్టకున్న రంధ్రమే చెబుతుంది. నేతగాడి గొప్పతనం వేరేచోట ఉంది. పేక (అడ్డపోగు) ప్రతిసారీ ఒకే దెబ్బతో పడాలి, పడుగులో (నిలువుపోగుల్లో) తెగిన పోగు అప్పటికప్పుడు అతకాలి, అంచు వంకర పోకూడదు. ఆరు గజాలూ మొదటి జానెడులాగే ఉండాలి. ఇది మన పద్ధతి మనుషుల పనే. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం ఎంతో మంది నేతగాళ్లకు పని చూపించింది, ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. అయితే ఇప్పుడు మగ్గం మీద రాబడి ఒక నెల ఉంటే ఇంకో నెల ఉండదు. ఇంట్లో మగ్గం ఉన్నవాళ్లు నేర్చుకోండి. కొత్తగా అప్పు చేసి మగ్గానికి గుంత తవ్వించి మొదలుపెట్టమని నేను చెప్పలేను.

ప్రొద్దుటూరు బంగారం పని?

తెలిసినవాళ్ల దగ్గర చేరితేనే వస్తుంది, ఏళ్లు పడుతుంది. 22 క్యారెట్ అంటే నూటికి 91.6 పాళ్ల బంగారం. ఇప్పుడు హాల్‌మార్క్ వేసే ప్రతి నగకూ అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు ఉండాలి కాబట్టి హాల్‌మార్కింగ్ సెంటర్లలో తూకం, పరీక్ష, లేజర్ ముద్ర వేసే పనులు కూడా ఉన్నాయి. నిజాయితీ మీద ఒక్క మచ్చ పడినా ఆ ఊళ్లో మళ్లీ పని దొరకదు.

బీటెక్ చేసి ఇంటర్వ్యూల్లో "ఇన్నోవేటివ్‌గా ఆలోచించడం లేదు" అని తిప్పి పంపుతున్నారు. నా చదువు వృథానా?

వృథా కాదమ్మా. నువ్వు తప్పు గది ముందు నిలబడ్డావు, అంతే. డిజైన్, మార్కెటింగ్ గదులు వదిలి క్వాలిటీ, క్యాలిబ్రేషన్ (కొలత పరికరాలు సరిచూడడం), మెయింటెనెన్స్ ప్లానింగ్ గదుల ముందు నిలబడు. పెనుకొండ కార్ల ఫ్యాక్టరీ చుట్టూ విడిభాగాల యూనిట్లు వచ్చాయి. అక్కడ ప్రతి భాగాన్నీ డ్రాయింగ్‌తో సరిపోల్చి, తేడా వస్తే ఆపేసే ధైర్యం ఉన్న మనిషి కావాలి. ఎన్‌డీటీ, అంటే వస్తువును పాడుచేయకుండా లోపం వెతికే పని, కూడా చూడు. అల్ట్రాసోనిక్, రేడియోగ్రఫీ, డై పెనిట్రంట్ లాంటి పరీక్షలకు లెవెల్-2 సర్టిఫికెట్ ఉంటే ప్లాంట్లలో విలువ ఉంది. నాట్స్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా ఏడాది చేసినా చెయ్యి తిరుగుతుంది. ఇంటర్వ్యూలో ఐడియాలు లేవని సిగ్గుపడకుండా, "నేను రాసిన రీడింగ్ మీరు ఏ రోజు తీసి చూసినా సరిపోతుంది" అని చెప్పు. ఆ మాట విలువ తెలిసిన మేనేజర్ దగ్గరే నువ్వు పనిచేయాలి.

అప్రెంటిస్ చేయాలా, నేరుగా ఉద్యోగంలో చేరాలా?

అవకాశం ఉంటే అప్రెంటిస్ చేయండి. 1961 అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్ ఇస్తారు, చివర పరీక్ష పాసైతే జాతీయ సర్టిఫికెట్ వస్తుంది. మొదటి ఏడాది చేతికి ఎవరు ఏ అలవాటు చేస్తే అదే మిగతా ముప్పై ఏళ్లూ ఉంటుంది. అందుకే పెద్ద ప్లాంట్లో, పాత ఫోర్‌మన్ కింద నేర్చుకున్నవాడి చెయ్యి చూడగానే తెలిసిపోతుంది. కాంట్రాక్టు పనిలో చేరితే మాత్రం పీఎఫ్ నంబరు వచ్చిందో లేదో మొదటి నెలే అడగండి. మీ వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం ఉంటుంది. ఈఎస్ఐ కార్డు అడగండి. ఫ్యాక్టరీలో ఓవర్‌టైంకు రెట్టింపు కూలి ఇవ్వాలని చట్టంలో ఉంది. ఇవి అడిగితే కోపం తెచ్చుకునే కాంట్రాక్టర్ దగ్గర ఎక్కువ రోజులు ఉండొద్దు.

"జాబ్ గ్యారంటీ" అని ఫీజు అడుగుతున్నారు. కట్టాలా?

కట్టకండి. మా అన్న కొడుకు ఒక ఇన్‌స్టిట్యూట్‌లో గల్ఫ్ వెల్డర్ ఉద్యోగం అన్నారని నా మాట వినకుండా పొలం తాకట్టు పెట్టి డబ్బు కట్టాడు. మూడు నెలలకు ఆ షట్టరు మూతపడింది. ఆ అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది. సర్టిఫికెట్‌కు ప్రభుత్వ గుర్తింపు ఉందా అని అడగండి, పాత విద్యార్థులు ఎక్కడ పనిచేస్తున్నారో పేర్లు అడగండి, వాళ్లలో ఇద్దరికి మీరే ఫోన్ చేయండి.

రోజూ అదే పని. బోర్ కొట్టదా?

ఈ ప్రశ్న ఐడియాలు ఎక్కువగా వచ్చేవాళ్లు అడుగుతారు. వాళ్లకు కొట్టొచ్చు. మీకు కొట్టకపోవచ్చు.

బయటి నుంచి చూస్తే అదే బేరింగ్, అదే పానా. దగ్గరికి పోతే ఏ రెండు బేరింగ్‌లూ ఒకలా మోగవు. పదేళ్లు చేశాక స్క్రూడ్రైవర్ కొస మిషన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి వింటే, లోపల ఏ బేరింగ్ అరిగిందో తెలుస్తుంది. ఒకసారి రాత్రి రెండు గంటలకు ఒక ఫ్యాన్ దగ్గర నేను అట్లా విని ఆపించాను. విప్పి చూస్తే బేరింగ్ గుండ్లను పట్టి ఉంచే కేజ్ పగిలి ఉంది. తెల్లవారే దాకా నడిచుంటే షాఫ్ట్ పోయేది. ఆ రోజు నాకు కలిగిన తృప్తి మాటల్లో చెప్పలేను. ఆ చెవి ఒకేసారి రాలేదు, వేలసార్లు అదే పని చేస్తేనే వచ్చింది.

రోబోలు, ఏఐ వస్తే ఈ పనులు ఉంటాయా?

కొన్ని పోతాయి. కన్వేయర్ మీద ఒకే భాగాన్ని ఒకేచోట బిగించే పని మెషిన్‌కు సులభం. పాత స్తంభం ఎక్కడం, ఇరుకు గుంతలో దిగి పంపు బిగించడం, ఏడుస్తున్న పసిబిడ్డ చేతిలో నరం వెతకడం దానికి సులభం కాదు. ప్రతిరోజూ వేరే చోట, వేరే ఇరుకులో, అదే పద్ధతితో చేయాల్సిన పనుల వైపు వెళ్లండి. ఆ మెషిన్లను విప్పి బాగుచేసేవాడూ మీలాంటివాడే.

ఎవరు ఈ పనులకు రాకూడదు?

రీడింగ్ చూడకుండానే పుస్తకంలో రాసేవాడు రాకూడదు. తాగి డ్యూటీకి వచ్చే అలవాటున్నవాడు అసలే రాకూడదు. ఇంకొక రకం ఉన్నారు, పద్ధతి పాటిస్తారు కానీ అది తప్పని తెలిసినా నోరు విప్పరు. కాగితంలో తప్పుంటే ఫోర్‌మన్‌కు చెప్పాలి, రాయించి మార్పించాలి. మనంతట మనమే మార్చేయకూడదు, మూగగా పాటిస్తూ పోనూ కూడదు. ఈ మధ్య దారి నేర్చుకోవడానికి నాకే చాలా ఏళ్లు పట్టింది.

ఐటీఐ తర్వాత ఇంకా చదవొచ్చా?

చదవొచ్చు. బ్రిడ్జ్ కోర్సు చేసి, ప్రవేశపరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. నేర్పడం ఇష్టమైతే ఏడాది ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ ఉంది, నేనూ ఆ దారినే వచ్చాను.

రేపు వర్క్‌షాప్‌లో మొదటి రోజు. ఏం తీసుకెళ్లాలి?

తోలు బూట్లు వేసుకుని వెళ్లు, చెప్పులతో పోవద్దు. చొక్కా చేతులు బిగుతుగా ఉండాలి, వదులు చేతులు లేత్ చక్‌లో చిక్కుకుంటాయి. ఉంగరం, చేతికి కట్టిన దారం, మెడలో గొలుసు ఇంట్లో తీసి పెట్టు. అమ్మాయిలు జడ ముడి వేసుకుని టోపీ కింద పెట్టుకోండి. ఆరంగుళాల స్టీల్ స్కేలు, జేబులో పట్టే నోటుబుక్కు, పెన్సిల్ తీసుకెళ్లు. సార్ చెప్పిన ప్రతి కొలతా అందులో రాసుకో. సాయంత్రం వచ్చే ముందు నీ వైస్ బ్రష్‌తో తుడిచి, దవడలు కొద్దిగా తెరిచి పెట్టి, ఆకురాళ్లు ఒకదాని మీద ఒకటి వేయకుండా విడివిడిగా సర్ది రా.